ఆరీఫక్క గడువు ముద్ర

మా ఊరి గ్రంథాలయంలో ఆరీఫక్క పుస్తకాలకే కాదు, మనుషులకు కూడా గడువు తేదీ ముద్ర కొట్టి పంపుతుంది. అలా ముద్ర పడి బయటికి పోయినవాళ్లలో ఒక్కరు కూడా ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. పేరు చెప్పను కానీ ఒకాయన మధ్యలో చచ్చిపోయాడు. చచ్చిపోయిన మనిషి గడువు రోజున పాడె మీద నుంచి లేచి, గ్రంథాలయం దాకా నడిచొచ్చి, తీసుకుపోయిన పని అప్పజెప్పి, రిజిస్టరులో సంతకం పెట్టి, మళ్ళీ పోయి పడుకున్నాడు. నేను కళ్లారా చూశాను. నేను చూసింది అబద్ధమైతే ఇక మా తాలూకాలో నిజమనేదే లేదు.

నమ్మని వాళ్లు వచ్చి చూసుకోవచ్చు. ధర్మవరంలో బస్సెక్కి ఇరవై నిమిషాలు కూర్చుంటే మా ఊరు. దిగి, మగ్గాల చప్పుడు వచ్చే వైపు నడిస్తే రేకుల వసారా ఉన్న పసుపు కట్టడం కనిపిస్తుంది. ఆ రేకుల కింద, మే నెల ఎండలో, తడిపిన కొంగు తల మీద కప్పుకుని ఒకామె రిజిస్టరు రాసుకుంటూ ఉంటే ఆమే ఆరీఫక్క. లోపల ఫ్యాను కింద కాళ్లు చాపుకుని పేపరు చదువుతూ ఒక అందగాడు ఉంటే అది నేను. డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీకీ నాకూ కుదరలేదు. నాకు తెలిసినంత వాళ్లకు తెలియదని తేలాక నేనే పెద్దమనసుతో తప్పుకున్నాను. అప్పటి నుంచి నా చదువంతా ఆ ఫ్యాను కిందే.

గ్రంథాలయాధికారి వసారాలో మాడడమేమిటి, పనీపాటా లేనివాడు ఫ్యాను కింద ఉండడమేమిటి అని అడుగుతారు. దానికి కథ ఉంది.

ఆరీఫక్క వాళ్ల నాయన అబ్దుల్ గఫూర్‌ది మోటారు వైండింగ్ అంగడి. మా సీమలో బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఉత్తగాలి తాగి కాలిపోతుంది, కాలిన ప్రతి మోటారూ గఫూర్ సాయిబు అంగడికే వస్తుంది. వానలు పడని ఏడు ఆ ఇంట్లో పండగ. పలక పట్టాల్సిన వయసులో ఆరీఫక్క రాగితీగ పట్టింది. తీగ తెగితే ఎక్కడ తెగిందో చీకట్లో వేలితో తడిమి చెప్పేదట. తెగకముందే చెప్పేదని నేను అంటాను, ఆమె ఒప్పుకోదు. తర్వాత ఇంట్లోనే కూర్చుని గ్రంథాలయ శాస్త్రం చదివింది, ఉద్యోగం వచ్చింది, పంతొమ్మిదేళ్లుగా ఈ ఒక్క చోటే ఉంది. భర్త సైఫుల్లా మడకశిర బస్సులో కండక్టరు. ఇంట్లో ఆయనకు కూరగాయల సంచీ ఇచ్చేటప్పుడు కూడా సంచీ మీద తేదీ ముద్ర కొడుతుందని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే కాబట్టి అది గట్టి మాట.

రెండేళ్ల కిందట ఒక పథకం కింద గ్రంథాలయానికి అట్టపెట్టెలు వచ్చాయి. ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పోసి వస్తువులు తయారుచేసే త్రీడీ ప్రింటరు ఒకటి, లాప్‌టాప్‌లు రెండు, టంకం పెట్టే వేడికడ్డీలు, కుట్టుమిషను ఒకటి. వాటితో ఊరివాళ్లు వస్తువులు చేసుకోవడానికి విడిగా ఒక గది కావాలని, దానికి మేకర్ స్పేస్ అని బోర్డు కట్టాలని ఉత్తరువు. ఉన్నది రెండే గదులు. ఒకదాంట్లో పుస్తకాలు, పాఠకులు, నేను. రెండోది ఆరీఫక్క కూర్చునే గది. ఆమె మారు మాట్లాడకుండా తన మేజా, కుర్చీ తీసి వసారాలో వేసుకుంది.

ఊరు దాన్ని మేకుల గది అంది. మేకులు కొట్టడానికి ఏమైనా ఉంటే పట్టుకొచ్చేది. మొదటి ఏడంతా కుర్చీలకు కాళ్లు అతకడంతోనే సరిపోయింది. ప్రింటరు మీద కప్పిన గుడ్డ తీసినవాడు లేడు.

ఈ ఏప్రిల్‌లో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. యంత్రాలు వాడకంలో ఉన్నట్టు ఆధారాలు లేవు కాబట్టి, మే ఇరవయ్యో తేదీ తనిఖీకి ఒక ప్రాజెక్టయినా పూర్తి చేసి, దాని కాగితాలతో సహా చూపకపోతే, మొత్తం సామాను వేరే ఊరి కాలేజీకి తరలిస్తారు. ఉత్తరాన్ని నేనే గట్టిగా చదివి వినిపించాను.

"పోతే పోనీలే అక్కా. నీ గది నీకొస్తాది. రేకుల కింద మాడే పని తప్పుతాది" అన్నాను.

ఆరీఫక్క ఉత్తరం మడిచి రిజిస్టరులో పెట్టుకుంది. "మజ్జాన్నం పూట ఆ గదిలో కుట్టుమిషను కాడ ఆరుమంది ఆడోళ్లు కూర్చుంటారు. సామాను పోతే వాళ్లు యాడికి పోతారు?"

"ఇంటికి పోతారు."

"అదే అంటాండా" అంది.

ఆ తర్వాత ఆమె ముఖం చూసి నేను పేపరు పైకెత్తుకున్నాను.

అంతకు ముందు నెలలో ఆమెను ప్రాజెక్టు మేనేజ్‌మెంటు శిక్షణకని రెండు రోజులు పిలిపించారు. గోడ మీద బొమ్మలేసి, గళ్లు గీసి, గళ్ల మధ్య బాణాలు గీసి చాలా చెప్పారట. ఏం నేర్చుకున్నావక్కా అంటే, "పనిని ముక్కలు చేయాల, ఏ ముక్క ఎవురిదో రాయాల, ఎప్పటికో రాయాల. ఇది మన కార్డుల డబ్బా కదా" అంది. ఆ బాణాల కాగితం మడిచి మేజా కాలు కింద పెట్టింది. మేజా ఊగడం ఆగింది కాబట్టి శిక్షణ వృథా పోలేదు.

పుస్తకానికి ఒక కార్డు ఉంటుంది కదా, పేరు రాసి, తీసుకున్నవాడి నంబరు రాసి, గడువు తేదీ ముద్ర కొట్టేది. ఆరీఫక్క అలాంటి ఖాళీ కార్డుల మీద పుస్తకం పేరు ఉండాల్సిన చోట పని పేరు రాయడం మొదలుపెట్టింది. పని తీసుకుపోతే పుస్తకం తీసుకుపోయినట్టే. చింపకుండా, మడతపెట్టకుండా, గడువులోగా తెచ్చివ్వాలి. పొడిగింపు ఒక్కసారే. ఆలస్యమైతే పేరు ఎర్ర సిరాతో నోటీసు బోర్డు మీదికెక్కుతుంది. మా ఊళ్ళో ఆ బోర్డు చదవని గడప లేదు.

ఇక పని కావాలి. అది సోమప్ప రూపంలో వచ్చింది.

సోమప్ప పట్టుచీరల నేతగాడు, అరవై దాటినవాడు. ఆయన మగ్గం మీదుండే జాకార్డు పెట్టెలో ఒక పళ్ల చక్రం ఉంటుంది. చీర అంచులో బొమ్మ పడాలంటే చిల్లుల అట్టలు ఒక్కొక్కటిగా తిరగాలి, వాటిని తిప్పేది ఆ చక్రం. దానికి మూడు పళ్లు విరిగాయి. ఆ పాతకాలపు పెట్టెకు సామాను ఇప్పుడు ఎవరూ చేయరు. సగం నేసిన చీర మీద గుడ్డ కప్పి, పన్నెండు రోజులుగా ఆయన వీధుల్లో తిరుగుతున్నాడు. విరిగిన కుర్చీ కాలు పట్టుకొచ్చిన పక్కింటాయనతో కలిసి ఒకరోజు గ్రంథాలయానికి వచ్చాడు.

"ఆ గుడ్డ కప్పిన మిషను చక్రాలు కూడా చేస్తాదా తల్లీ?" అని అడిగాడు.

"చేస్తాదన్నా. నీకు మెంబర్‌షిప్ ఉండాదా?"

"నాకు చదువే లేదు. మెంబర్ యానికి?"

"మెంబర్ కాకుంటే పని ఇయ్యను. నంబరు కావాల కార్డు మీద."

సోమప్ప అరవై రెండో ఏట గ్రంథాలయ సభ్యుడయ్యాడు. హామీ సంతకం నేను పెట్టాను. నా సంతకానికి జిల్లాలో ఎంత విలువుందో ఆరీఫక్కకు తెలుసు, అందుకే పక్కన ఇంకొకరితో కూడా పెట్టించుకుంది. తర్వాత కార్డు మీద 'చక్రం కొలతలు' అని రాసి, సోమప్ప పేరు రాసి, మూడు రోజుల గడువు ముద్ర కొట్టింది. ఆయన ఆ కార్డును దేవుడి పటంలాగా రెండు చేతులతో పట్టుకుపోయాడు.

మూడో రోజు పొద్దున్నే వచ్చాడు. కొలతలు చెప్పమంటే, "అడ్డం నూట ఎనభై పోగులు. పన్ను ఎత్తు పద్దెనిమిది పోగులు" అన్నాడు.

కంప్యూటరులో బొమ్మ గీసే కార్డు జ్యోతిలక్ష్మి పేరు మీద ఉంది. ఆమె చీరల డిజైన్లు గీసే అంగట్లో పనిచేస్తుంది, ముప్పై ఏళ్లుంటాయి, నన్ను మనిషిగా లెక్కపెట్టదు. ఆమె కలం కింద పెట్టింది. "పోగులేంది మామా? స్కేలు పెట్టి కొలవలేదా?"

"స్కేలు నేనెప్పుడు పట్టినాను? చక్రానికి అడ్డంగా పట్టుపోగు పెట్టి తుంచినాను. ఆ పోగును చీర మీద పెట్టి కింద ఎన్ని పోగులుండాయో లెక్కపెట్టినాను. రెండుసార్లు."

"చక్రమే ఊడబెరికి తెచ్చుంటే అయిపోతాండె."

"ఇరుసుకు పట్టేసింది. సుత్తితో పగలగొడితేనే వస్తాది. కొత్తది చేతిలోకి రాందే పాతది పగలగొట్టేదెట్ల?"

జ్యోతిలక్ష్మి నవ్వుతుందని చూశాను. ఆమె నవ్వలేదు. "పన్నె అంగుళానికి నూరు పోగులా?" అని అడిగింది. పన్నె అంటే మగ్గం మీద పోగులు దూరే దువ్వెన. అవునన్నాడు. "అయితే ఒకటీ పాయింటు ఎనిమిది అంగుళాలు" అని గీయడం మొదలుపెట్టింది. వెంట్రుకంత తేడా పట్టుకోలేని స్కేలుకన్నా, పోగు తప్పితే చీర చెడిపోతుందని తెలిసిన వేలు నయమని ఆమె అన్నట్టుగా నేను తర్వాత ఊరంతా చెప్పాను. ఆమె అన్నది "సరే" అని మాత్రమే.

ఇట్లా కార్డులు ఒకటొకటిగా డబ్బాలోకి తిరిగొచ్చాయి. అన్నీ గడువులోనే. మే పంతొమ్మిది, తనిఖీకి ఒక్క రోజు ముందు, పొద్దున పదకొండు గంటలకు ప్రింటరు మీద గుడ్డ తీశారు. చక్రం అయ్యేసరికి నాలుగున్నర గంటలు పడుతుంది. తెల్ల తీగ ఒక రీలు, చిలకపచ్చ తీగ ఒక రీలు ఉన్నాయి, రెండూ అడుగంటినవే. ఏదీ ఒంటరిగా చక్రానికి సరిపోదు, రెండూ కలిస్తే సరిగ్గా ఒక చక్రం. తెల్లది అయిపోయే లోపల తనను పిలవాలని, మిషను ఆపి పచ్చది ఎక్కిస్తానని ఆరీఫక్క చెప్పింది. నాకూ ఒక కార్డు ఇచ్చింది. దాని మీద 'యంత్రం దగ్గర కూర్చోవడం' అని రాసి, కింద చిన్న అక్షరాలతో 'మాట్లాడకుండా' అని రాసింది.

నేను కూర్చున్నాను. మాట్లాడకుండా అన్న ముక్క మాత్రం కొంచెం పొడిగింపు అడగాల్సొచ్చింది. ఎందుకంటే మధ్యాహ్నం అంజనమ్మ వచ్చింది. అంజనమ్మది పడుగు అతికే పని. మగ్గం మీద పాత పోగులు అయిపోయే చోట కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టి అతుకుతారు, వేలకు వేలు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. ఆమె నడుముకు ఎప్పుడూ చిన్న బూడిద డబ్బీ వేలాడుతుంటుంది. సోమప్ప మగ్గం మళ్ళీ ఆడితేనే ఆమెకు తరువాతి పని, అందుకని చక్రం చూసిపోదామని వచ్చింది. అంత శ్రద్ధగా వినే మనిషి దొరికితే నేనెట్లా ఊరుకుంటాను? విడపనకల్లులో నేను ఒంటిచేత్తో ట్రాక్టరును బోల్తా కొట్టించిన సంగతి చెబుతున్నాను. చెబుతూ చూస్తే రీలు మీద తెల్ల తీగ రెండు మూరలు మిగిలింది.

"అక్కా, తీగ అయిపోతాంది" అని కేకేశాను. ఆరీఫక్క బయట పత్రికల ఆసామితో మాట్లాడుతూ వినిపించుకోలేదు.

అంజనమ్మ లేచింది. పోగు అయిపోతుంటే చేతులు కట్టుకుని చూడడం ఆమె ఒంట్లో లేదు. "పక్కకు జరుగప్పా" అని నన్ను తోసి, పచ్చ తీగ కొస తీసుకుంది. వేడికడ్డీ దగ్గర రెండు కొసలూ కాచి మెత్తబరిచింది. డబ్బీ తీసి వేళ్లకు బూడిద అద్దుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క మెలి పెట్టింది. నలభై ఏళ్లుగా పెడుతున్న మెలి. లాగి చూశాను, తెగదు. అంత అందమైన అతుకు నా జన్మలో చూడలేదు.

అతుకు మెల్లగా పోయి పోయి యంత్రం నోటి దగ్గరికి చేరింది. టక్, టక్, టక్ అని చప్పుడు. చక్రం మీద పొర పడడం ఆగింది.

ఆరీఫక్క పరుగెత్తుకొచ్చి మీట నొక్కి యంత్రాన్ని ఆపింది. తీగను తడిమింది. "ఎవరు అతికినారు?"

"నేనే తల్లీ" అంది అంజనమ్మ. "గట్టిగా లేదా?"

"గట్టిగానే ఉండాది. రెండింతలు లావుగా ఉండాది. పట్టుపోగు రెండు కలిసినా పన్నెలో దూరిపోతాది. ఇది దూరదు."

అంజనమ్మ తన వేళ్ల వంక చూసుకుంది. మళ్ళీ మొదటి నుంచి పోయడానికి తీగ లేదు. ఎక్కువసేపు ఆపితే సగం చక్రం చల్లారి అడుగు నుంచి ఊడిపోతుంది. తెల్లారితే తనిఖీ.

ఆరీఫక్క వసారాలోకి పోయింది. వెళ్లిపోయిందనుకున్నాను. ఖాళీ కార్డు, ముద్ర పట్టుకుని వచ్చింది. 'తీగ అతకడం' అని రాసింది. "నీ నంబరు ఎంత?"

"ఇప్పుడు ముద్ర యానికి తల్లీ? అది చల్లారిపోతాంది" అంది అంజనమ్మ.

"నంబరు చెప్పు."

"నాకు నంబరు లేదు."

"అయితే రాస్తాండా, నాలుగు వందల పన్నెండు." ముద్ర కొట్టింది, ఆ రోజు తేదీతోనే. "ఈ పని నీదే. రాగితీగను మా నాయన ఎట్ల అతికేవాడో చెప్తా, చేతులు నీవి."

తర్వాత జరిగింది నేను అతిశయోక్తి లేకుండా చెబుతాను, ఎందుకంటే దానికి అవసరం లేదు. మెలి పడిన ముక్కను కత్తిరించి పారేశారు. రెండు కొసలను బ్లేడుతో ఏటవాలుగా కోశారు. ఏటవాలు మీద ఏటవాలు ఆనించి, వేడికడ్డీని తగలనీయకుండా దగ్గరగా పెట్టి కరిగించారు. అంజనమ్మ దాన్ని అద్దం పలక మీద పెట్టి అరచేత్తో దొర్లించింది. లావు సరిచూడడానికి ఆరీఫక్క తన బాల్‌పెన్ను విప్పి, రీఫిల్లు తీసేసి, మూతి చిల్లులో తీగను దూర్చింది. అతుకు దగ్గర పట్టేసింది. మళ్ళీ కోశారు, మళ్ళీ కాచారు. ఈసారి అంజనమ్మ బూడిద అద్దుకోలేదు. కళ్లు మూసుకుని దొర్లించింది. పెన్ను మూతిలోంచి తీగ పచ్చ నుంచి తెలుపు దాకా జర్రున జారింది.

చక్రం సాయంత్రం నాలుగింటికి పూర్తయింది. కింద సగం తెల్లన, పైన సగం చిలకపచ్చ. సోమప్ప దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి పోయి పాతదాన్ని సుత్తితో పగలగొట్టాడు. వీధి చివరకు వినబడింది ఆ దెబ్బ.

మరునాడు పదకొండుకు తనిఖీ అధికారి వచ్చాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, చొక్కా అంతా చెమట. "ప్రాజెక్టు ప్లాన్ ఎక్కడుందమ్మా? చార్టు గీశారా?" అన్నాడు. చార్టు ఆయన మోచేయి ఆనించిన మేజా కాలు కిందే ఉంది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరీఫక్క కార్డుల డబ్బా ముందుకు జరిపింది. ఆయన ఒక్కొక్క కార్డూ తీసి చూశాడు. కొలతలు, బొమ్మ, కూర్చోవడం. నా కార్డు దగ్గర ఒకసారి నా వంక చూశాడు. చివరిదైన 'తీగ అతకడం' కార్డు దగ్గర ఆగాడు.

"ఇదేంటి, ఇచ్చిన రోజే తిరిగొచ్చింది? పైగా కింద ఏదో రాశారు. 'మొదటి అతుకు లావై ఇరుక్కుంది' అని. తప్పు జరిగితే రిపోర్టులో ఎవరైనా రాస్తారా?"

"పుస్తకంలో పేజీ చిరిగింటే కార్డు మీద రాస్తాము సార్" అంది ఆరీఫక్క. "రాయకుంటే తర్వాత తీసుకుపోయినోళ్ల మీద పడతాది."

ఆయన ఆ కార్డును డబ్బాలో పెట్టేశాడు. చక్రం చూపించమన్నాడు. అందరం సోమప్ప ఇంటికి నడిచాం. సోమప్ప మగ్గం గుంటలోకి దిగి, కాలితో కింది పలక తొక్కాడు. పైన పెట్టెలో తెలుపూ పచ్చా కలిసిన చక్రం ఒక పన్ను తిరిగింది. అట్ట మారింది. ఇంకోసారి తొక్కాడు. అంచులో సగంలో ఆగిపోయిన నెమలికి మెడ మొదలైంది.

అప్పుడు ఏమైందంటే, ఆ అధికారి బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి, మగ్గం గుంటలోకి దిగి సోమప్ప పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. పదిహేను నిమిషాలు ఏడ్చాక జేబు రుమాలు పిండి, అక్కడే కాగితం తెప్పించుకుని, ఈ గది నూరేళ్ల దాకా ఈ ఊరి నుంచి కదలకూడదని, కదిలించబోయినవాడి పేరు ఎర్ర సిరాతో బోర్డు మీద ఎక్కించాలని ఉత్తరువు రాశాడు. అంజనమ్మ కాళ్లకు మొక్కబోతే ఆమె వద్దంది. నా చేయి పట్టుకుని, నీలాంటివాడు కాలేజీలో ఉండకపోవడం దేశానికి మేలు చేసిందన్నాడు.

ఇంత వరకు రాసి, మొన్న వసారాలో నిలబడి ఆరీఫక్కకు చదివి వినిపించాను. ఆమె రిజిస్టరులో గీత కొట్టుకుంటూ వింది. పూర్తయ్యాక పెన్ను మూత పెట్టి ఇట్లా అంది:

"ఆయన ఏడవలేదు, గుంటలోంచి దుమ్ము లేసి కంట్లో పడింది. నూరేండ్లని రాయలేదు, మార్చి ముప్పై ఒకటి దాకా గది ఈడనే ఉండనీమని రాసినాడు. అప్పటికి ఇంకా నాలుగు పనులు చూపీమన్నాడు. రెండు అయినాయి."